వారంటీ అయిపోయింది, తలుపు ఊడిపోయింది: షాపువాళ్లను అడగొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నిరుడు గృహప్రవేశానికి ముందు భీమవరంలో ఒక ఇంటీరియర్ షాపువాళ్లచేత రెండు గదుల్లో స్లైడింగ్ వార్డ్‌రోబ్‌లు చేయించాం. 1,40,000 అయింది. కొటేషన్‌లో ‘710 గ్రేడ్ ప్లైవుడ్’ అని రాసిచ్చారు. పది నెలలకే తలుపులు వదులై ఊగడం మొదలైంది. వాట్సాప్‌లో వీడియో పెడితే ఒక కుర్రాణ్ని పంపి స్క్రూలు బిగించారు. నెల తిరక్కుండా మళ్లీ అదే వరస. మొన్న ముసురులో ఒక తలుపు ట్రాక్ తప్పి మా అత్తగారి పక్కనే పడింది. అడిగితే ‘‘ఏడాది వారంటీ అయిపోయింది, మీ వైపు చెమ్మ ఎక్కువ, మేమేం చేస్తాం’’ అంటున్నారు. మేమే కార్పెంటర్‌తో బాగుచేయించుకుంటే కేసు వేసే హక్కు పోతుందా?

జవాబు: పోదమ్మా. కాకపోతే కార్పెంటర్ దాని మీద చెయ్యి వేసేలోగా మీరు చేయాల్సిన పని ఉంది. ముందు రెండో తలుపు కూడా ఇద్దరు పట్టుకుని దించేసి, నేలమీద పడుకోబెట్టండి. బట్టలకు నాలుగు రోజులు దుమ్ము పడితే పడింది.

ఇప్పుడు తలుపు కింది అంచు చూడండి. చాలా రకాల్లో రోలర్ దగ్గర ఎత్తు సరిచేసే స్క్రూ ఉంటుంది. అది తిప్పితే తలుపు లెవెల్‌కి వచ్చి సాఫీగా నడుస్తుందంటే లోపం చిన్నది. కార్పెంటర్ కూలితో పోయేదానికి వినియోగదారుల కమిషన్ మెట్లెక్కమని నేను చెప్పను. అలా కాకుండా స్క్రూ పట్టు దొరక్క గిరగిరా తిరిగిపోతోందా? అంచు పట్టీ ఊడి, లోపల చెక్క ఉబ్బి, వేలు పెడితే తవుడులా రాలుతోందా? అయితే అది ప్లైవుడ్డేనా అని అనుమానించాలి. ప్లైవుడ్‌ని అంచు నుంచి చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. తవుడులా రాలేది సాధారణంగా పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక.

ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం, తడికి తట్టుకునే రకం. కాగితం మీద అది రాసి, తలుపుకి ఇంకోటి బిగిస్తే అది వారంటీ గొడవ కాదు, చెప్పినదొకటి ఇచ్చినదొకటి. వారంటీ గడువు దానికి అడ్డం రాదు. ఇక చెమ్మ మాటంటారా, ఆ షాపు ఉన్నది భీమవరంలో, అనంతపురంలో కాదు. డెల్టాలో గాలి ఎలా ఉంటుందో తెలిసే డబ్బు తీసుకున్నారు.

అందుకని ఉబ్బిన అంచు, స్క్రూ కన్నం, ట్రాక్ దగ్గరగా ఫొటోలు తీయండి. పాత రోలర్లు, రాలిన చెక్కముక్క ఒక కవర్లో దాచండి. కార్పెంటర్ ఏం చూశాడో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. వాట్సాప్ సంభాషణ అసలు చెరపొద్దు, మీ కేసుకి ప్రాణం అదే. వారంటీలో ఉండగానే ఫిర్యాదు చేశారని, వాళ్లు మనిషిని పంపారని చెప్పేది అదొక్కటే. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు కొత్త సాక్ష్యాల చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63(4) కింద, ఇవి ఫలానా ఫోన్‌లోంచి తీసినవేనని చెప్పే సర్టిఫికెట్ జతచేస్తే పేచీ ఉండదు. బిల్లు ఇవ్వలేదా? కొటేషన్, యూపీఐ చెల్లింపుల వివరాలు పనికొస్తాయి.

తర్వాత స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయంతో నోటీసు పంపండి: 15 రోజుల్లో కొటేషన్ ప్రకారం తలుపులు మార్చండి, లేదా మేం చేయించుకుని ఖర్చు మీ దగ్గర రాబట్టుకుంటాం అని. చాలా తగాదాలు ఇక్కడే తెగుతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఒక ఫోన్ కొట్టండి.

దారికి రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. 5 లక్షల దాకా ఫీజు లేదు. షాపు ఎక్కడున్నా మీరు ఉండే చోటే వేయొచ్చు, వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు (నా పొట్ట కొట్టుకుని చెబుతున్న మాట). గడువు రెండేళ్లు. మొదటిసారి వీడియో పెట్టిన రోజు నుంచే లెక్కేసుకోండి, రిస్క్ ఉండదు. చెక్క ఏ రకమో తేల్చాలంటే కమిషన్ ల్యాబ్‌కి పంపగలదు, ఆ పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు.

అడిగేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని అడగండి. తలుపులు మార్చడం లేదా వాటి ఖరీదు, కొంత నష్టపరిహారం, ఖర్చులు. మనోవేదనకి 10 లక్షలు అని రాస్తే అసలు కేసే పలచనవుతుంది.

బిల్డర్ దగ్గర ఫ్లాట్‌తోపాటు వార్డ్‌రోబ్ వచ్చినవాళ్ల సంగతి వేరు. రేరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మీది సొంతంగా కట్టుకున్న ఇల్లు, షాపుతో విడిగా చేయించుకున్న పని కనుక అది మీకు వర్తించదు.

నోటీసులో అత్తగారి పక్కన తలుపు పడిన తేదీ, వేళ రాయడం మరిచిపోకండి.