విరామం విజిల్ పడ్డాక కెమెరా దించకండి

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా కాలేజీ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ పోటీల ఫోటోలు తీస్తున్నాను. ఇంట్లోవాళ్లవీ, స్నేహితులవీ మామూలు ఫోటోలు తీయడమన్నా అంతే ఇష్టం. స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ అవ్వాలని ఉంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో అంటున్నారు స్నేహితులు. ఇది సరదాకే, బతుకుతెరువుకు కాదంటున్నారు నాన్న. డిగ్రీ మానేసి ఏదైనా కోర్సులో చేరనా? ఖరీదైన లెన్స్ లేకుండా ఈ రంగంలో నిలబడగలనా?

జవాబు: డిగ్రీ మానకండి. ఫోటో ఎడిటర్ మీ పట్టా అడగరు, ఆ మాట నిజమే. కానీ మొదటి కొన్నేళ్లు ఈ పనిలో ఒక నెల వచ్చిన డబ్బు మరో నెల రాదు. చేతిలో డిగ్రీ ఉంటే వారమంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు మైదానానికి వెళ్లొచ్చు. మ్యాచ్‌లు ఎక్కువగా జరిగేదీ ఆ రెండు రోజులే. మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ఫోటో జర్నలిజం కోర్సు డిగ్రీ అయ్యాక చేసినా ఆలస్యమేమీ కాదు.

ఇక రెండు పడవల సంగతి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను చాలా ఏళ్లు మైదానం అంచున కూర్చుని ఫోటోలు తీశాను. తొలిరోజుల్లో ఒక ఫుట్‌బాల్ జట్టు వెంట సీజనంతా తిరిగాను. చాలాకాలం తర్వాత ఆ జట్టు గోల్‌కీపర్ ఫోన్ చేశాడు. ఫైనల్లో పెనాల్టీ ఆపిన ఫోటో కోసమే అయ్యుంటుందనుకున్నాను. ‘అది నా దగ్గరుందన్నా. విరామంలో కెప్టెన్ నా మోకాలికి పట్టీ చుట్టాడు, ఆ ఫోటో ఏమైనా ఉందా? అది చుట్టకపోతే రెండో సగం ఆడేవాణ్ని కాదు’ అన్నాడు.

ఆ విరామంలో నేను తీసినవి మూడే. మిగతా సమయమంతా మొదటి సగం ఫోటోలు స్క్రీన్ మీద చూసుకుంటూ కూర్చున్నాను. ఒకటి కదిలిపోయింది. ఇంకోదాంట్లో కెప్టెన్ వీపు తప్ప ఏమీ లేదు. మూడోదాంట్లో కెప్టెన్ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, పట్టీ కొసను పళ్లతో పట్టుకుని, రెండు చేతులతో ముడి బిగిస్తున్నాడు. గోల్‌కీపర్ కళ్లు గట్టిగా మూసుకుని బెంచీ అంచు పట్టుకున్నాడు. అది పంపాను. ఇప్పుడు వాళ్లింటి గోడ మీద ఆ ఫోటోనే ఉందట. ఇంకో పది తీసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే మీవి రెండు పడవలని నేను అనుకోను. రెండింటికీ కావాల్సింది ఎదుటి మనిషి మరుక్షణం ఏం చేస్తాడో ముందే పసిగట్టడం. బంతిని కొట్టేముందు ఫార్వర్డ్ ఆటగాడు నేల మీద ఆనించే కాలు ఎటు వేస్తున్నాడో గమనిస్తే షాట్ ఎటు వెళ్తుందో కొంత అంచనా దొరుకుతుంది. నవ్వొచ్చినప్పుడు మీ అమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషైతే, ఆ చెయ్యి లేవకముందే మీ వేలు బటన్ మీద ఉండాలి. మారేవి సెట్టింగులే. పరుగెత్తే ఆటగాణ్ని కదలకుండా పట్టాలంటే షట్టర్, అంటే కెమెరా తెర తెరుచుకుని ఉండే సమయం, 1/1000 సెకనో, ఇంకా వేగమో కావాలి. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి 1/125 చాలు. సైక్లిస్టును వెంబడిస్తూ కెమెరా తిప్పితే 1/60కి దించి చూడండి, మనిషి నిలిచి వెనకదంతా చారలవుతుంది.

ఇందులో అదృష్టం పాలూ ఉంది. 1965 మే 25న బాక్సింగ్ పోటీలో సోనీ లిస్టన్ కింద పడి ఉండగా మహమ్మద్ అలీ అతని మీద నిలబడి గర్జిస్తున్న ఫోటో మీరు చూసే ఉంటారు. తీసిన నీల్ లైఫర్‌కు అప్పుడు 22 ఏళ్లు. ఆ ఫోటోలో అలీ కాళ్ల మధ్య నుంచి అవతలివైపు ఇంకో ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్, అనుభవజ్ఞుడు. ఆ క్షణంలో ఆయనకు దొరికింది అలీ వీపు. కూర్చునే చోటు మన చేతిలో అన్నిసార్లూ ఉండదు. ఫోకస్, లైటు సరిచూసుకుని సిద్ధంగా ఉండటం మన చేతిలోదే.

లెన్స్ కోసం అప్పు చేయొద్దు. మైదానం అంచున కనిపించే, దూరాన్ని దగ్గరగా చూపే పెద్ద 400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్సులు చాలాచోట్ల సంస్థలు తమ ఫోటోగ్రాఫర్లకు ఇచ్చేవే. మీకిప్పుడు సెకండ్‌హ్యాండ్ 85 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఇండోర్ ఆటలు తక్కువ వెలుతురులోనూ దాంతో తీయొచ్చు, ఇంట్లోవాళ్ల ఫోటోలకూ అదే పనికొస్తుంది. నేల మీద కూర్చుని, ముఖాలు మీవైపు వచ్చేచోటు చూసుకోండి. లెన్స్ మార్చడం కంటే చోటు మార్చడం వల్లే మొదట ఎక్కువ మెరుగవుతారు.

చాలామంది పట్టించుకోనిది క్యాప్షన్. వివియన్ మేయర్ అనే ఆమె పిల్లల ఆయాగా పనిచేస్తూ వీధుల్లో మామూలు మనుషుల ఫోటోలు లక్షకు పైగా తీశారు. 2007లో ఆమె పెట్టెలు వేలానికి వచ్చేదాకా అవి బయటి ప్రపంచానికి తెలియవు. ఎంత గొప్ప ఫోటోలో! వాటిలో ఎంతోమంది ఎవరో మాత్రం మనకు తెలియదు. మీరు తీసే ప్రతి మంచి ఫోటోకీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది అని రెండు వాక్యాలు రాయండి, పేర్లలో తప్పుల్లేకుండా. పత్రికలకు ఫోటోలు అందించే ఏజెన్సీలకు మ్యాచ్ నడుస్తుండగానే ఫోటోలు పంపాలి కాబట్టి, విరామం ముగిసేలోపు క్యాప్షన్లతో సహా ఐదు ఫోటోలు సిద్ధం చేయడం సాధన చేయండి. టెన్షన్ పడతారు, పడనివ్వండి, నాలుగైదు మ్యాచ్‌లకు అలవాటవుతుంది. బెంచీ దగ్గరా టైమ్ కావాలి కాబట్టి మొదటి సగం నడుస్తుండగానే మంచివాటికి గుర్తు పెట్టుకుంటూ పోండి.

ఇక సంపాదన. జీతం మీద ఉండే స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమంది ఫ్రీలాన్సర్లే. క్లబ్బులు, పాఠశాల పోటీలు, మారథాన్లు, మధ్యలో కుటుంబ వేడుకలు, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. మీరు ‘మామూలు’ అంటున్న ఫోటోలే అక్కడ అన్నం పెడతాయి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఫోటో హక్కులు ఎవరికి పోతున్నాయో చదవండి. పిల్లల ఫోటోలు బయటపెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి అడగండి.

ఆరు నెలల తర్వాత 20 ఫోటోల పోర్ట్‌ఫోలియో చేయండి. పన్నెండు ఆటవి, ఎనిమిది ఆట చుట్టూ ఉన్నవి. ఎడిటర్ దగ్గర గోల్ ఫోటోలకు కొదవుండదు, ఆ ఎనిమిది దగ్గరే ఆగి చూస్తారు. ముందు నాన్నగారికి చూపించండి, ఏ ఫోటో దగ్గర ఎక్కువసేపు ఆగారో గమనించండి. వచ్చే మ్యాచ్‌లో విరామం విజిల్ పడగానే స్క్రీన్ చూడకుండా నేరుగా బెంచీ వైపు నడవండి.