బియ్యం నిండుకున్నాయి, ఇఫ్ తిరగబడింది

ప్రశ్న: అన్నా, మా రూమ్మేటు ఒక కంప్యూటర్ భాష తయారుచేశాడు. అందులో ఇఫ్ (షరతు నిజమైతే ఒకసారి చెయ్) అంటే వైల్ (నిజమైనంతసేపూ చేస్తూనే ఉండు), ట్రూ అంటే ఫాల్స్, ప్రింట్ అని రాస్తే ఇన్‌పుట్ అడుగుతుంది. ఇది కూడా ఒక భాషేనా? దీన్నే మినీ ప్రాజెక్టుగా పెడదాం అంటున్నాడు, వైవా తలుచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంది.
- ఇంజినీరింగ్ మూడో ఏడు, కావలి

జవాబు: భాషే తమ్ముడూ, అనుమానం ఏంది అందులో! ఈసారి ఇంటికి పోయినప్పుడు చూడు, డబ్బా అడుగున ఒక్క గింజ ఉండదు, అమ్మేమో "బియ్యం నిండుకున్నాయి, పోయి పట్టుకురా" అంటుంది. దీపం ఆరితే కొండెక్కింది అంటాం, పోయే చుట్టం "వస్తా" అని చెప్పి పోతాడు. ఎవరం తికమక పడం, ఏ మాటకు ఏం అర్థమో చిన్నప్పుడే బుర్రకెక్కింది కాబట్టి. కంప్యూటర్‌కూ ఇఫ్ అనే రెండక్షరాల మీద ప్రేమేం లేదు. ఏ మాట కనబడితే ఏ పని చెయ్యాలో దానికొక పట్టిక ఉంటుంది, మీవాడు అందులో నాలుగు వరసలు తారుమారు చేశాడు, అంతే.

సీ భాషలో అయితే ఆ కష్టం కూడా అక్కర్లేదు. పైన డిఫైన్ అనే ఆజ్ఞతో ఇఫ్ అంటే వైల్ అని ఒక్క లైను రాస్తే, కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ చూసేలోపే, దానికంటే ముందు పనిచేసే ప్రీప్రాసెసర్ అన్నీ మార్చేస్తుంది. ఎల్స్ (లేకపోతే ఇది చెయ్) ఉన్నచోట, వైల్‌కి ఎల్స్ జత కుదరదు కాబట్టి ఎర్రర్ వచ్చి గుట్టు బయటపడుతుంది గానీ, ఎల్స్ లేనిచోట అసలు తమాషా: "మార్కులు 35 దాటితే పాస్ అని ప్రింట్ చెయ్" అని రాసుంటే, కంట్రోల్ సీ నొక్కి ఆపిందాకా పాస్, పాస్, పాస్ అని కొడుతూనే ఉంటుంది. (మన సప్లీలకు ఆ సౌకర్యం లేదు.) పైథాన్ భాష రెండో వెర్షన్‌లో ట్రూకి ఫాల్స్ విలువ ఇస్తే నోరెత్తకుండా ఒప్పుకునేది, మూడో వెర్షన్‌లో అవి కీవర్డులయ్యాయి, అంటే భాష తనకోసం అట్టిపెట్టుకున్న మాటలు, కుదరదు.

ఈ వెటకారం పాతదే. 1972లో ప్రిన్స్‌టన్‌లో డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ అనే ఇద్దరు విద్యార్థులు ఇంటర్‌కాల్ అనే భాష చేశారు. అందులో ప్లీజ్‌లు తక్కువైతే మర్యాద లేదని, ఎక్కువైతే కాకా పడుతున్నావని ప్రోగ్రామ్‌ని వెనక్కి కొడుతుంది, అలిగిన పెళ్లివారు నయం. తర్వాత దాంట్లో గోటూకి (ఫలానా లైనుకు పో) ఉల్టాగా కమ్ ఫ్రమ్ (ఫలానా లైను నుంచి ఇక్కడికి రా) కూడా చేరింది, మన చుట్టం పోతూ వస్తా అన్నట్టే.

ప్రాజెక్టు సంగతంటావా, మీవాడు చేసింది ఒట్టి ఫైండ్ అండ్ రీప్లేస్ అయితే పెట్టొద్దు, వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కోడ్‌ని టోకెన్లుగా, అంటే విడి మాటలుగా, విడగొట్టి, వాటి అమరిక అర్థం చేసుకునే పార్సర్ సొంతంగా రాసుంటే మాత్రం ధైర్యంగా పెట్టండి. కాకపోతే ఆ పార్సర్ ముందు నువ్వొకసారి కూర్చుని చదువు, ప్రశ్నలు నిన్నూ అడుగుతారు.