సిక్కు అమరవీరుల్లో మిమ్మల్ని ఎక్కువగా కదిలించింది ఎవరు?

సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ పేరో, సర్హింద్‌లో గోడ కట్టి చంపిన చిన్న సాహిబ్‌జాదాల (గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకుల) పేరో చెప్తానని అనుకుంటారేమో. నేను చెప్పేది లక్ఖీ షా వంజారా గురించి. ఆయన అమరుడెలా అవుతాడు, ఆయన్నెవరూ చంపలేదు కదా అంటారా? కాస్త ఆగండి.

నేను లంబాడీ తండాలో పుట్టినవాణ్ని. ఒక పరీక్ష కోసం మొదటిసారి ఢిల్లీ వెళ్లాను. సెంటర్ మార్చామని ముందురోజు రాత్రి మెసేజ్! ఆ టెన్షన్‌లో ఏం రాశానో నాకే తెలీదు. సాయంత్రం పార్లమెంటు పక్కనున్న రకాబ్ గంజ్ గురుద్వారాకి వెళ్లింది భక్తితో కాదు, ఆకలితో. తలకు కట్టిన చేతిరుమాలు జారిపోతుంటే, చెప్పులు తీసుకునే పెద్దాయన కాషాయం గుడ్డ తెచ్చి తనే ముడి వేశారు. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో రొట్టె కోసం కంచం చాపాను. వడ్డించే అబ్బాయి వెయ్యడే! పక్కనున్న సర్దార్జీ నా చేతులు పట్టుకుని దోసిలి పట్టించారు. అప్పుడు పడింది వేడి రొట్టె.

ఎవరివి అని అడిగారు. లంబాడీ అంటే అర్థం కాలేదు. బంజారా అన్నాను. ఆయన తినడం ఆపేశారు. "నువ్వు తింటున్నది లక్ఖీ షా వంజారా ఇంట్లో, తెలుసా బేటా?"

1675 నవంబరులో ఔరంగజేబు ఆజ్ఞతో చాందినీ చౌక్‌లో గురు తేగ్ బహదూర్ తల నరికారు. ఆ తలను ఆనంద్‌పూర్ దాకా, 300 కిలోమీటర్లకు పైగా మోసుకెళ్లింది భాయీ జైతా. ఆయన దళితుడు, అదీ ఎవరూ చెప్పరు. మొండేన్ని లక్ఖీ షా సరుకు బండిలో దాచి రైసీనాలో, ఇప్పుడీ గురుద్వారా ఉన్న చోటున్న తన ఇంటికి తెచ్చాడు. బయట దహనం చేస్తే దొరికిపోతాడు. అందుకని ఇంటికే నిప్పు పెట్టాడు. బడిలో మాకు ఇదంతా ఒక్క లైను, అందులో ఈయన లేనే లేడు.

వంజారా అంటే కులమా, వ్యాపారమా అని పండితులు కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి. బండ్ల మీద సరుకేసుకుని ఊరూరా తిరిగినవాడు మావాడు కాక ఎవడవుతాడు?

ఆ రాత్రే ఫోన్ చేసి బాపుకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు: "మరి ఎడ్లను ముందే విప్పిండా?"

సర్దార్జీని ఆ మాట అడగలేదు.