పోర్చ్ లైటు ఆరిన ఇల్లు

అమ్మాయీ,

పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకు తిరిగే హాలోవీన్ రాత్రి మీద నువ్వు టీవీకి రాసిన స్క్రిప్టు చదివాను. ఎలుగుబంటి వేషం మీద అమ్మ చలికోటు తొడిగేస్తే, "ఇంక నేను ఎలుగుబంటినని ఎవరికి తెలుస్తుంది?" అని పాప ఏడ్చే సీను బాగుంది. దాన్ని ముట్టుకోకు.

చివరి పేజీలో ఆ పాప కల్లోంచి లేచింది చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. అదంతా కలైతే దయ్యంతో పాటు పాప చూపిన ధైర్యం కూడా ఉత్తిదే కదా! "పిల్లలు జడుసుకుంటారండీ, కల అనేయండి, చివర్లో ఓ నీతి తగిలించండి" అనే ఎడిటర్లు నా కాలంలోనూ ఉన్నారు. ఇప్పుడు దానికి తోడు, ప్రతి రాక్షసుడూ ఆఖరికి పాపం మంచివాడేనని తేల్చే ఫ్యాషనొకటి. వాళ్ల మాట వినకు. పిల్లలకు భయం కావాలి. ఆ భయానికో నియమం ఉండాలి, దాన్ని పిల్లలే కనిపెట్టగలగాలి.

'కొరలైన్' (2009) యానిమేషన్ సినిమా మళ్లీ చూడు. అందులో కొరలైన్ అనే పిల్ల ఓ చిన్న తలుపు దాటి, అచ్చం తన ఇంటిలాంటి ఇంకో ఇంట్లోకి వెళ్తుంది. అవతలి ఇంటి అమ్మ మొదట అరవదు, తరమదు. కమ్మగా వండి పెడుతుంది. తర్వాత ఓ చిన్న పెట్టె ముందు పెడుతుంది. అందులో రెండు నల్ల గుండీలు, సూది, దారం. కళ్లకు అవి కుట్టించుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చంటుంది. ఒప్పుకోవడం, మానడం పిల్ల ఇష్టం. చూసే పిల్లలు ఊపిరి బిగపట్టేది అందుకే.

అలాంటి నియమం నీ చేతిలోనే ఉంది, పారేసుకున్నావు. హాలోవీన్ రాత్రి అమెరికాలో పోర్చ్ లైటు వెలుగుతుంటే చాక్లెట్లు ఇస్తారని, ఆరి ఉంటే తలుపు కొట్టకూడదని అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరో పేజీలో, వీధి చివర ఎప్పుడూ చీకటిగా ఉండే ఇంటికి లైటు వెలిగించావు. గుండె ఝల్లుమంది. వెంటనే సీను మార్చి, ఫ్రిజ్ వెనకనుంచి దయ్యాన్ని దూకించావు! ఇలాంటి దూకుళ్లు మొత్తం తొమ్మిది. మొదటిదానికి పిల్లలు ఉలిక్కిపడతారు, రెండోదానికి నవ్వుతారు, మూడోదానికి ముందే చెవులు మూసుకుంటారు. ఒక్కటి ఉంచు. దానికి ముందు నాలుగైదు సెకన్లు సంగీతం పూర్తిగా ఆపెయ్యి. మోత మీద మోత వేస్తే ఏదీ వినపడదు.

రెండో పేజీలో ఆ ఇల్లు చీకటిగా కనపడాలి. ఆరో పేజీలో లైటు వెలగాలి. పన్నెండులో పాప మెట్లెక్కి చెయ్యెత్తగానే ఆరిపోవాలి. కొట్టాలా, వెనక్కి తిరగాలా? అక్కడ పెద్దవాళ్లెవరినీ రానివ్వకు.

అసలు దయ్యం రాకపోయినా కథ నిలుస్తుంది. 1966 అక్టోబరు 27న అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో వచ్చిన చార్లీ బ్రౌన్ కార్టూన్ హాలోవీన్ స్పెషల్‌లో లైనస్ అనే పిల్లాడు, ఆ రాత్రి పిల్లలకు బొమ్మలు తెస్తుందని తను నమ్మే గ్రేట్ పంప్‌కిన్ కోసం గుమ్మడి తోటలో కాచుకుని కూర్చుంటాడు. వెన్నెల్లో ఓ నీడ లేస్తుంది. తీరా చూస్తే అది స్నూపీ, చార్లీ బ్రౌన్ కుక్క! గ్రేట్ పంప్‌కిన్ రానే రాదు. తెల్లవారుజామున నాలుగింటికి, ఎప్పుడూ కసిరే అక్క లూసీయే వెళ్లి, చలికి వణుకుతున్న తమ్ముణ్ణి తీసుకొచ్చి పడుకోబెడుతుంది. మర్నాడు లైనస్ తన నమ్మకం వదులుకోడు. వచ్చే ఏడు చూడమంటాడు. కల అనలేదు, నీతి చెప్పలేదు.

ఇక నిడివి. టీవీలో అరగంట అంటే ప్రకటనలు పోను దాదాపు 22 నిమిషాలు. మనుషులు నటించే స్క్రిప్టుకు పేజీకో నిమిషం లెక్క. నువ్వు 41 పేజీలు రాశావు. అమ్మమ్మ ఫ్లాష్‌బ్యాకు, బడిలో పోటీ, ఫ్రిజ్ దయ్యం తీసేస్తే సగం తగ్గుతుంది. దయ్యాన్ని నిలువెత్తునా ఒక్కసారే చూపించు, మిగతా చోట్ల చెయ్యో నీడో చాలు.

ఏజెంటు గురించి, మాటలు తెలుగులోనా ఇంగ్లిషులోనా అని కూడా అడిగావు. అవి తర్వాత. ముందు తిరగరాసి, ఏడెనిమిదేళ్ల పిల్లల్ని ముగ్గుర్ని కూర్చోబెట్టి చదివి వినిపించు. గొంతు మార్చకు, నటించకు. మంచినీళ్లకని ఎవరు ఏ పేజీలో లేచారో రాసుకో. ఆ పేజీలు కొట్టేసి, మిగిలింది నాకు పంపు.