లెక్కల సందేహాలు: ఎక్కడ కూడాలి, ఎక్కడ గుణించాలి?

ప్రశ్న: 4 చొక్కాలు, 3 ప్యాంట్లు ఉంటే ఎన్ని జతలు కుదురుతాయని అడిగితే మా అబ్బాయి 7 అని రాశాడు. గుణిస్తే 12 వస్తుందని చెప్పాను గానీ, ఎందుకు గుణించాలంటే చెప్పలేకపోయాను.

జవాబు: మీవాడు రాసిన 7 వేరే ప్రశ్నకు సరైన జవాబే. ‘చొక్కా గానీ ప్యాంటు గానీ ఏదో ఒక్కటి తియ్యి’ అంటే 4 + 3 = 7 దారులు. ఇక్కడ అడిగింది ఒక్కటి కాదు, జత. మొదటి చొక్కాను అలాగే ఉంచి ప్యాంట్లు మార్చుకుంటూ పోతే 3 జతలు వస్తాయి. రెండో చొక్కాకీ 3, మూడో దానికీ 3, నాలుగో దానికీ 3. ఈ 3 + 3 + 3 + 3 నే 4 × 3 అంటున్నాం.

పట్టిక గీయించండి. అడ్డువరుసకో చొక్కా, నిలువు వరుసకో ప్యాంటు, గడికో జత. ఇలాంటి పట్టిక మీవాడికి కొత్త కాదు, గుణింతాలు నేర్చుకున్నప్పుడే రాశాడు. క, గ, మ అనే 3 హల్లులకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అనే 4 గుర్తులు ఇస్తే క కా కి కు, గ గా గి గు, మ మా మి ము. మొత్తం 12. గుణింతం, గుణించడం అన్న మాటలు చుట్టాలే మరి!

పిల్లలు ఎక్కువగా తప్పేది జతలను తోచిన వరుసలో రాయడం వల్ల. కొన్ని రెండుసార్లు వస్తాయి, కొన్ని జారిపోతాయి. ఒక చొక్కాతో కుదిరేవన్నీ పూర్తయ్యాకే రెండో చొక్కా దగ్గరికి వెళ్లాలి. ఫలానా చొక్కా ఫలానా ప్యాంటు మీదికి నప్పదంటే ఆ ఒక్క గడి కొట్టేయండి, 11 మిగులుతాయి.

ప్రశ్న: రెండు అంకెలూ వేర్వేరుగా ఉన్న రెండంకెల సంఖ్యలు 9 × 9 = 81 అని ఉంది. మొదటి అంకెను బట్టి రెండోది మారుతుంది కదా, అలాంటప్పుడు గుణించవచ్చా?

జవాబు: చాలా మంచి సందేహం. రెండో స్థానంలోకి ఏ అంకెలు వస్తాయన్నది మారుతుంది. ఎన్ని వస్తాయన్నది మారదు. పదుల స్థానంలో 1 నుంచి 9 వరకు ఏదైనా పెట్టండి, ఒకట్ల స్థానానికి 0 నుంచి 9 వరకున్న పదింటిలో దాన్ని తీసేస్తే ఎప్పుడూ 9 మిగులుతాయి. గుణించడానికి ఆ స్థిరత్వం చాలు. సరిచూసుకోవాలంటే, మొత్తం రెండంకెల సంఖ్యలు 90, అందులో 11, 22, … 99 అనే 9 పోతే 81.

అదే ప్రశ్నకు ‘సరి సంఖ్యలు మాత్రమే’ అన్న షరతు చేర్చి చూడండి, చిక్కు బయటపడుతుంది. పదుల స్థానంలో బేసి అంకె ఉంటే ఒకట్ల స్థానానికి 0, 2, 4, 6, 8 అయిదూ పనికొస్తాయి. పదుల స్థానంలో సరి అంకె ఉంటే అది పోయి 4 మిగులుతాయి. లెక్క ఒకేలా లేదు కాబట్టి ఒక్క గుణకారంతో పని జరగదు, విడదీయాలి. బేసితో మొదలైతే 5 × 5 = 25, సరితో మొదలైతే 4 × 4 = 16. రెండూ కలిపితే 41. పరీక్షల్లో ఇక్కడ 9 × 5 = 45 అని రాసేవాళ్లు ఎక్కువ. ఆ 45లో 22, 44, 66, 88 కూడా దూరాయి.

ప్రశ్న: రెండు పాచికలు వేస్తే ఫలితాలు 36 అంటారు. 2, 5 పడినా 5, 2 పడినా ఒకటే కదా? సగం చేసి 18 అనకూడదా?

జవాబు: సగం చేయకూడదు. 1-1, 2-2 లాంటి 6 జోడీలు పట్టికలో ఒక్కొక్కసారే ఉన్నాయి, వాటికి సగం లేదు. మిగిలిన 30ని సగం చేస్తే 15, దానికి ఆ 6 కలిపితే 21. క్రమం పట్టించుకోకపోతే అదీ జవాబు.

అయితే సంభావ్యత లెక్కల్లో 21 వాడితే మోసపోతారు. ఆ 21 సమానంగా పడేవి కావు. ఒక పాచికకు ఎరుపు, రెండోదానికి నీలం వేసి చూడండి. 2, 5 రావడానికి రెండు దారులు, 2-2కి ఒక్కటే. అందుకే మొత్తం 3 రావడానికి సంభావ్యత 36లో 2 వంతులు, 21లో ఒక వంతు కాదు.

ప్రశ్న: 72కు ఎన్ని కారణాంకాలో అన్నీ రాయకుండా చెప్పవచ్చా?

జవాబు: చెప్పవచ్చు. 72 = 2 × 2 × 2 × 3 × 3. కారణాంకంలో 2 అనేది 0, 1, 2 లేదా 3 సార్లు ఉండవచ్చు, అంటే 4 దారులు. 3 అనేది 0, 1 లేదా 2 సార్లు, అంటే 3 దారులు. 4 × 3 = 12. ‘సున్నా సార్లు’ మరిచిపోతే 3 × 2 = 6 వస్తుంది. అప్పుడు 1, 2, 3, 4, 8, 9 జారిపోతాయి.