నాన్న చావు మాటెత్తితే కసరాలా, వినాలా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర ఊరండి. నాన్నకి 67, పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. పక్క బెడ్డు మీద చేయించుకునే పెద్దాయన మొన్న పోయారు, అప్పట్నుంచి "ఇంక నా వంతే, నన్నొగ్గీండర్రా" అంటన్నారు. కొబ్బరితోట ఎవరికి, తలకొరివి ఎవరు పెడతారు, ఇవే మాటలు. అశుభం పలక్కని కసురుతున్నాను. ఇది డిప్రెషనా, వయసుతో వచ్చిన వేదాంతమా?

జవాబు: ముందు కసరడం ఆపమ్మా. వారానికి మూడ్రోజులు నాలుగేసి గంటలు ఆ పక్కమనిషితో కబుర్లు చెప్పుకుంటూ గడిపాడు, ఒకరోజు వెళ్లేసరికి ఆ బెడ్డు మీద ఇంకెవరో ఉన్నారు, ఆయన గురించి అక్కడెవరూ ఏం అనరు, ఇంటికొస్తే నువ్వూ అననివ్వవు, మరి మీ నాన్న ఎవరితో చెప్పుకోవాలి? మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లని చూసీ చూసీ ఉన్నాడు కూడా. తోట లెక్కలు డిప్రెషన్ కాదు నన్నడిగితే, ఇల్లు సర్దుకోవడం. కూర్చుని రాసుకోండి, ఆయనకే నిమ్మళంగా ఉంటుంది. డయాలసిస్ అయిన రోజు మాత్రం వద్దు, ఆ రోజు ఒళ్లు పీల్చేసినట్టుంటుంది, మర్నాడు అడుగు.

డిప్రెషన్ పట్టుకోవడం ఇక్కడ కొంచెం కష్టమే, ఎందుకంటే నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బుకీ ఉంటాయి, రక్తం తగ్గినా ఉంటాయి. అందుకని హిమోగ్లోబిన్ ఎంతుందో డాక్టర్ని అడుగు. నువ్వు చూడాల్సింది వేరే, మనవలొస్తే మొహం విప్పారుతోందా, రచ్చబండ దగ్గరికి వెళ్తున్నాడా, లేక రెండు వారాలుగా దేనిమీదా మనసు లేకుండా "మీకు బరువైపోయాను" అంటున్నాడా. ఇలా ఉంటే మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, డయాలసిస్ వాళ్లకీ పనిచేస్తాయి, కాకపోతే డోసు కిడ్నీ డాక్టరుకి తెలియాలి.

కావాలని డయాలసిస్ ఎగ్గొట్టినా, కొలతగా తాగాల్సిన నీళ్లు వద్దన్నకొద్దీ తాగేస్తున్నా తేలిగ్గా తీసుకోకు. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడుగు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, జీడితోట పురుగుమందు డబ్బాలు తాళం వేసెయ్, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లు. 14416, అంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఏ టైంలోనైనా ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవేవీ లేకుండా, నిమ్మళంగా ఆలోచించుకునే డయాలసిస్ ఆపేయమంటే అది వేరే మాట. ఆపితే చాలామందికి రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ప్రాణం పోతుంది, ఆ సంగతి ఆయనకి తెలియాలి. డాక్టర్ని కూర్చోబెట్టి, నీ అన్నదమ్ముల్ని కూడా పిలిచి, ఆయన ముందే మాట్లాడండి.