మందిరానికి ఇవ్వండి, అప్పు తెచ్చి మాత్రం వద్దు

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నా జీతం చేతికి 72,000 రూపాయలు. అద్దె 19,000, ఇంటి ఖర్చులు, పాప ఫీజు కలిపి 28,000, ఊళ్లో అమ్మానాన్నలకు 6,000, సంఘానికి ఇచ్చే దశమభాగం 7,200. బ్యాంకులో 1,10,000, ఇంటి యజమాని దగ్గర అడ్వాన్సు 1,50,000 ఉన్నాయి. మా చర్చి కొత్త మందిర నిర్మాణానికి నాలుగు లక్షలు ఇస్తానని సంఘం ముందు మొక్కుకున్నాను. 15 శాతం వడ్డీకి నాలుగేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దేవునికి ఇస్తే ఆయనే తిరిగి ఇస్తాడని నా నమ్మకం. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. దరఖాస్తు చేసి ఉంటే రేపే వెనక్కి తీసుకోండి.

మీ లెక్కనే చూద్దాం. ఖర్చులన్నీ పోను నెలకు మీకు మిగిలేది 11,800. ఈ అప్పుకు కట్టాల్సిన వాయిదా సుమారు 11,130. అంటే నాలుగేళ్ల పాటు మీ ఇంట్లో నెలాఖరుకు ఉండేది 670 రూపాయలు. పాపకు జ్వరం వచ్చినా క్రెడిట్ కార్డు తీయాల్సిందే. పైగా వడ్డీ కింద పోయే 1,34,000 మందిరానికీ చేరదు, మీకూ మిగలదు.

అప్పు చేసి పరువు, భక్తి నిలబెట్టుకోవాలనుకునే ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. గృహప్రవేశానికి, పెళ్లికి, ఇప్పుడు మందిరానికి. కారణం ఎంత పవిత్రమైనదైనా వడ్డీ రేటు తగ్గదు.

నేనూ సంఘంలో పెరిగినవాడినే కాబట్టి ఈ మాట చెప్పే చనువు తీసుకుంటున్నాను. బైబిల్లో తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన పేద విధవరాలి గురించి మీరూ ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఆ కాసులు ఆమెవే, వడ్డీకి తెచ్చినవి కావు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు కూడా మనిషి తనకు ఉన్నదాని ప్రకారం ఇవ్వాలన్నాడు, లేనిదాని ప్రకారం కాదన్నాడు. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకున్నవారిని యేసు గద్దించిన సంగతి మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. వాయిదా కట్టలేని నెల వస్తే మీ ఇంట్లో మొదట ఆగేది ఊరికి పంపే ఆ ఆరు వేలే.

అసలు నన్ను భయపెడుతున్నది అప్పు కన్నా మీ అత్యవసర నిధి. అడ్వాన్సును పొదుపులో లెక్కేశారు. అది ఇల్లు ఖాళీ చేస్తేగాని రాదు, వచ్చినా పెయింటింగ్ పేరుతో కొంత కోసుకుంటారు. ఉద్యోగం పోయిన నెలలో అది మీ చేతిలో ఉండదు. జీతం ఆగితే దశమభాగం ఉండదు కాబట్టి మీ ఖర్చు నెలకు 53,000. ఆరు నెలలకు 3,18,000 కావాలి. మీ దగ్గరున్నది రెండు నెలలకు సరిపోయేంతే. కూడబెట్టడం విశ్వాసలేమి అనిపిస్తే ఆదికాండం 41వ అధ్యాయం మళ్లీ చదవండి. ఏడేళ్ల కరవు రాబోతోందని ముందే తెలిసిన యోసేపు, దేవుడు చూసుకుంటాడులే అని కూర్చోలేదు. సమృద్ధి ఉన్న ఏడేళ్లూ పంటలో అయిదో వంతు కొట్లలో పోయించాడు.

దశమభాగం ఆపమని నేను అనను, అది మీ నిర్ణయం. మిగిలే 11,800లో 9,000 ప్రతి నెలా ఒకటో తేదీనే విడి ఖాతాకు మళ్లించండి. రెండేళ్లలో ఆరు నెలల నిధి నిండుతుంది. మిగతా 2,800లో టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివారికి డబ్బు అందే జీవిత బీమా, దాని ప్రీమియం పోను ఉన్నది మందిరానికి ఇవ్వండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక సొంతంగా ఒకటి ఉండాలి. జీతం పెరిగిన రోజున మొదట తీసుకోవాల్సింది అదే. ఫండ్లు, షేర్లు రెండేళ్ల తర్వాత ఆలోచిద్దాం.

మొక్కుబడి తీర్చవద్దనడం లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారితో విడిగా మాట్లాడండి. ఈ లెక్క కాగితం ఆయన ముందు పెట్టి, నాలుగు లక్షలూ ఇస్తాననీ, నిధి నిండాక ఆ తొమ్మిది వేలూ నెలనెలా మందిరానికే మళ్లిస్తాననీ చెప్పండి. వెళ్లేటప్పుడు మీ భార్యను కూడా తీసుకెళ్లండి. ఈ మొక్కుబడి గురించి ఆమె ఏమనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.